విసర్గ కోలన్ కాదు, సున్న ౦ కాదు: పాత తెలుగు అచ్చు టైపు చేసేవాళ్ళకు గుర్తుల గొడవ

గుణింతం:
వందేళ్ళ నాటి తెలుగు పుస్తకం ఒకటి యూనికోడ్‌లోకి ఎక్కించాలి. పద్యాలున్నాయి, వచనముంది, చివర ధాన్యం లెక్కల పట్టికలున్నాయి. ఈ కింది వాటి సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి.

అరసున్నలు (ఁ) తీసేయొచ్చా? ఱ బదులు ర కొట్టేస్తే పోయేదేమిటి? అక్షరం పక్కన ౯ అంకె లాంటిది వస్తోంది, అదేమిటి? కొన్ని చోట్ల చ, జ నెత్తిన చిన్న గుర్తు ఉంది. పద్యం చివర రెండు నిలువు గీతలకు ఏ మీట నొక్కాలి? లెక్కల్లో అంకెల పక్కన నిలువు గీతలు, అడ్డగీతలు ఉన్నాయి, అవి అచ్చుతప్పులా? కామాలు పాతవే ఉంచాలా, మన పద్ధతికి మార్చాలా?

శకటరేఫ:
మొదటి రెండూ నేను చెబుతాను. ఒక్క మాట ముందే: తీసేయడం ఎప్పుడైనా చెయ్యొచ్చు, తీసేసినదాన్ని తిరిగి పెట్టడం మాత్రం మనిషి కూర్చుని చెయ్యాల్సిందే. కాబట్టి మూలప్రతి ఉన్నదున్నట్టు టైపు చెయ్యండి. అందులోంచి అరసున్నలు తీసేసి, ఱ ను ర చేసి, ఇప్పటి పాఠకులకు రెండో ప్రతి చేసుకోవడం ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అయిదు నిమిషాల పని.

అరసున్న అలంకారం కాదు. ఒకప్పుడు అక్కడ ముక్కుతో పలికిన ధ్వని ఉండేదనడానికి మిగిలిన ఆనవాలు. దీర్ఘం తర్వాత నిండు సున్న నిలవలేదు, అర అయింది. వాఁడు, మూఁడు, దాఁటు, తాఁకు అన్నీ ఆ తీరువే. తమిళంలో ఇవే మాటలు చూస్తే చాలాచోట్ల ఆ అనునాసికం ఇంకా కనబడుతుంది. మన మూఁడుకు వాళ్ళది మూన్ఱు. మన ఏఁడుకు, అంటే సంవత్సరానికి, ఆండు. అదే అంకె ఏడుకు అరసున్న లేదు, ఎందుకంటే అక్కడ వాళ్ళది ఏఴు. అంటే ముక్కుధ్వని మొదటినుంచీ లేదన్నమాట. ఇలాగే నాడు అంటే దేశం, నాఁడు అంటే రోజు. వాడి అంటే వడలి, వాఁడి అంటే పదును. అరసున్నలన్నీ ఊడ్చేస్తే ఈ జంటలు కలిసిపోతాయి. సందర్భం వల్ల అర్థం తెలుస్తుంది నిజమే, నిఘంటువు వెతుకులాటలో మాత్రం దెబ్బతింటాం.

పద్యాల్లో ఇంకో పని కూడా ఉంది దానికి. వచ్చెను + కదా కలిస్తే వచ్చెఁ గదా. మాట చివరి ను, అంటే ద్రుతం, పోయిందని, క కాస్తా గ అయిందని ఆ అరసున్నే చెబుతుంది. అది తీసేసి వచ్చె గదా అని ఉంచితే గ ఎక్కడినుంచి వచ్చిందో చదివేవాడికి అంతుపట్టదు.

టైపు చేసేటప్పుడు వరస ముఖ్యం. హల్లు, తర్వాత గుణింతపు గుర్తు, ఆ తర్వాతే అరసున్న. వ, దీర్ఘం, అరసున్న, డు: వాఁడు. అరసున్న ముందు కొట్టి దీర్ఘం తర్వాత కొడితే, వరస తప్పిందని చెప్పే చుక్కల వలయం ప్రత్యక్షమవుతుంది. కొన్ని ఫాంట్లు దాన్ని చూపించకుండా కప్పేస్తాయి, అది మరీ ప్రమాదం. ఇంకో పాత జబ్బు: అరసున్న మీట దొరక్క ఇంగ్లీషు చిన్న సీ అక్షరం పెట్టేయడం. కంటికి అచ్చం అరసున్నే, వెతికితే దొరకదు.

ఇక ఱ. శకటం అంటే బండి కాబట్టి బండి ఱ, శకటరేఫ. దీనికి అలఘురేఫ అనీ పేరు, మామూలు ర లఘురేఫ. ఇవి ఒకే ధ్వనికి రెండు రాతలు కావు, ఒకప్పుడు రెండు ధ్వనులే. చెట్టు వేరుకు ర, వేఱు అంటే మరొకటి అన్నదానికి ఱ. ఊరు అంటే గ్రామం, ఊఱు అంటే స్రవించు. ఏరు అంటే పోగుచెయ్యి, ఏఱు అంటే నది. ఆఱు, నూఱు, మఱి, మఱచు, తెఱచు, కఱ్ఱ, గుఱ్ఱము, ఎఱ్ఱ, వఱకు అన్నిటా బండి ఱ యే. పాత కవులు ప్రాసలో ర కు ఱ ను కలిపేవాళ్ళు కాదు. మీ పుస్తకంలో ప్రాసస్థానంలో ఒక పాదంలో ర, ఇంకో పాదంలో ఱ కనిపిస్తే స్కాన్‌ను పెద్దది చేసి మళ్ళీ చూడండి, టైపులో తప్పు జరిగి ఉండే అవకాశమే ఎక్కువ.

పొల్లు:
ఆ ౯ లాంటిది వలపలగిలక. వలపల అంటే కుడివైపు. పలకడంలో ముందుండే ర్ ని రాతలో తర్వాతి హల్లుకు కుడిపక్కన గిలకలా తగిలిస్తారు. ధర్మము అనేది పాత అచ్చులో ధ, మ, గిలక, ము అనే వరసలో కనిపిస్తుంది. అంకె ౯ తో పోలిక ఉంది కాబట్టి అందరూ ధమ౯ము అని అంకెనే కొట్టేస్తారు. చూపుకు సరిపోతుంది, కానీ ధర్మము అని వెతికితే రాదు. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అయితే మధ్యలో తొమ్మిది అని చదువుతుంది.

సరైన దారి రెండు రకాలు. ఇప్పటి పద్ధతిలో ధర్మము అనే రాసేయడం, అది ఉత్తమం. లేదా గిలక రూపమే కావాలనుకుంటే ర, పొల్లు, ఆ తర్వాత జీరో విడ్త్ జాయినర్ (యూనికోడ్ సంఖ్య దశాంశంలో 8205), ఆపైన హల్లు. ఫాంటులో ఆ రూపం గీసి ఉంటే గిలక వస్తుంది, లేకపోతే ర్ పొల్లుతో కనిపిస్తుంది. రెండిట్లోనూ లోపలి అక్షరాల వరస ర్ ముందు, మ తర్వాత అనే ఉంటుంది.

ఇప్పటికే ౯ తో టైపు చేసినది సరిచెయ్యాలంటే హల్లు పక్కనో గుణింతపు గుర్తు పక్కనో వచ్చిన ౯ ని మాత్రమే పట్టుకోండి. పేజీ అంకెల్లో, పద్యసంఖ్యల్లో ౯ నిజంగా తొమ్మిదే. ఒట్టి రీప్లేస్ కుదరదు, ఎందుకంటే గిలకను చెరిపి, ర్ ని ఒక హల్లు ముందుకు జరపాలి. గుణింతంతో ఉన్న హల్లయితే ఆ గుర్తును కూడా దాటి వెనక్కి వెళ్ళాలి. పాత అచ్చులో రేఫ తర్వాత హల్లును రెట్టించి ధర్మ్మము, పూర్వ్వము అని వేసిన చోట్లు కూడా ఉంటాయి. అక్కడ మూకుమ్మడిగా మార్చితే ఒక మ ముందు, ఇంకో మ వెనక చిక్కుతుంది. ఇవి చేత్తో చూసుకోవాల్సిందే.

అచ్చుదిద్దు:
పొల్లు గారు చెప్పిన ౯ తంతు ఒక్కటే కాదు. పోలికల వల్ల తగిలే దెబ్బలు ఇంకా ఉన్నాయి, దిద్దుబాటులో నాకు ఎక్కువగా దొరికేవి ఇవి.

విసర్గ స్థానంలో కోలన్. ఇది మహమ్మారి. దుఃఖం బదులు దు:ఖం, అంతఃపురం బదులు అంత:పురం, పునఃప్రారంభం బదులు పున:ప్రారంభం. విసర్గ అక్షరమాలలోది, కోలన్ విరామచిహ్నం. కోలన్ పడితే కంప్యూటర్ లెక్కలో దు అనే మాట ఒకటి, ఖం అనే మాట ఒకటి. స్పెల్‌చెక్ రెంటినీ ఎర్రగీత గీస్తుంది, పదాల జాబితా తీస్తే ఖం అనే వింతపదం పుడుతుంది, పంక్తి చివర దు: ఒకవైపు, ఖం కింది వరసలో పడినా పడవచ్చు. పట్టుకునే సూత్రం: [అ-ౌ]:[అ-హ], అంటే తెలుగు అక్షరం, కోలన్, మధ్యలో ఖాళీ లేకుండా వెంటనే తెలుగు అక్షరం. 10:30 లాంటి వేళలు దీనికి చిక్కవు. ఖాళీ వదలకుండా ఉదా:రాముడు అని కొట్టినవి చిక్కుతాయి, అందుకే అన్నీ మార్చు అనే బటన్ జోలికి పోకుండా ఒక్కొక్కటే చూడండి.

నిండుసున్న స్థానంలో తెలుగు అంకె ౦. ఇవి చాలా ఫాంట్లలో కవలపిల్లలు. ఎక్సెల్‌లో యూనికోడ్ అనే ఫంక్షన్ ఉంది, అక్షరం ఇస్తే సంఖ్య చెబుతుంది. 3074 వస్తే అనుస్వారం, 3174 వస్తే అంకె. వెతకాల్సిన సూత్రం [అ-ౌ]౦. ౧౦, ౨౦ లాంటివి దీనిలో పడవు, ఎందుకంటే సున్న ముందున్నది అంకె.

ఋ బదులు బ కు రెండు కొమ్ములు. ఋషి అని ఉండాల్సింది బుుషి. ఋతువు, ఋణం కూడా అంతే. దీనికి సూత్రం కూడా అక్కర్లేదు, వరసగా రెండు కొమ్ములు ఎక్కడ దొరికినా అది తప్పే. తెలుగులో అలాంటి అక్షరం లేదు.

స్కాన్‌ను యంత్రంతో చదివిస్తే మ ని వు అనుకోవడం, వు ని మ అనుకోవడం ఎక్కువ. మంచి కాస్తా వుంచి అవుతుంది. పాత పుస్తకాల్లో వుంచి అనే రాత నిజంగానే ఉండవచ్చు కూడా, వుంది, వొక అని రాసే అలవాటు ఉండేది కాబట్టి స్కాన్ చూడకుండా తేల్చలేం.

అవగ్రహ. సోఽహం, కోఽపి అని రాయడానికి గుర్తు యూనికోడ్‌లో 2008లో చేరింది, సంఖ్య 3133. అంతకుముందు అందరూ ఇంగ్లీషు ఎస్ కొట్టేవాళ్ళు, ఇప్పటికీ కొడుతున్నారు. మాట మధ్యలో ఇంగ్లీషు ఎస్ దొరికితే దీన్ని అనుమానించండి.

చ, జ నెత్తిన ఉన్న గుర్తు గురించి ఎవరూ ముట్టుకోలేదు. శకటరేఫ గారూ?

శకటరేఫ:
అవి దంత్య చ, జ, అంటే పళ్ళ దగ్గర పలికేవి. ౘ, ౙ. సంఖ్యలు 3160, 3161. ఇవీ 2008లోనే చేరాయి. బాలవ్యాకరణం (1858) తెలుగుకు వర్ణాలు ముప్పైయారు అని లెక్క పెట్టినప్పుడు వీటినీ కలుపుకునే లెక్క పెట్టింది. సూత్రం చిన్నది: ఇ, ఈ, ఎ, ఏ లతో కలిస్తే తాలవ్యం (అంగిలి దగ్గర పలికేది), అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ, ఔ లతో కలిస్తే దంత్యం. చిలుక, చెరువు, జిగురు ఒక ఉచ్చారణ. ౘలి, ౘాప, ౙడ, ౙల్లెడ ఇంకో ఉచ్చారణ. ఇది తెలుగు మాటలకే. చంద్రుడు, జలము సంస్కృతం నుంచి వచ్చినవి కాబట్టి అకారంతో ఉన్నా తాలవ్యమే. ఈ తేడా తెలిసినవాడు ౘంద్రుడు అని పలకడు.

రాతలో గుర్తు లేకపోయినా తెలుగువాడి నోరు చాలావరకు సరిగ్గానే పలుకుతుంది. అందుకే అచ్చులో ఆ గుర్తు నిలవలేదు. నిఘంటువుల్లో, వ్యాకరణాల్లో, బయటివాళ్ళకు తెలుగు నేర్పే పుస్తకాల్లో మిగిలింది. మీ మూలప్రతిలో ఉంచండి, చదివే ప్రతిలో చ, జ చేసేయండి. లేకపోతే చలి అని వెతికినవాడికి ౘలి దొరకదు.

గుణింతం:
బాగుంది. మరి ఆధునిక మాటల సంగతి? ముందుమాట నేనే రాయాలి. ఆన్‌లైన్, వెబ్‌సైట్ లాంటివి ఒక్కోసారి విడివిడిగా, ఒక్కోసారి ముద్దగా వస్తున్నాయి.

పొల్లు:
తెలుగు యూనికోడ్‌లో పొల్లు తర్వాత హల్లు వస్తే రెండూ కలిసి సంయుక్తాక్షరం అయిపోతుంది. అది సహజం, అమ్మ, పక్షి అలాగే పుడతాయి. కానీ న్ దగ్గర మాట ముక్క ముగిసి, ల దగ్గర కొత్త ముక్క మొదలైతే ఈ కలయిక అక్కర్లేదు. ఏమీ చెప్పకుండా కొడితే ఆన్లైన్ అని న కింద ల వత్తు పడుతుంది. సాఫ్ట్వేర్ ఇంకా ఘోరం: ఫ కింద ట, దాని కింద వ, మూడంతస్తుల మేడ. కింది పంక్తిలోని గుడుల మీదకు దిగిపోతుంది.

ఆపడానికి పొల్లుకూ హల్లుకూ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టాలి. సంఖ్య 8204. కనిపించదు, చోటు తీసుకోదు, కలవకుండా ఆపుతుంది. ఎలా కొట్టాలంటే: లేఖిని లాంటి లిప్యంతరీకరణ పరికరాల్లో ^ గుర్తు. వర్డ్‌లో ఆల్ట్ నొక్కిపట్టి కుడిచేతి నంబర్‌ప్యాడ్ మీద 8204. వెబ్‌పేజీ మూలంలో అయితే ‌ అని రాసినా చాలు.

ఎక్కడ పెట్టకూడదో తెలియడమే అసలు. మాట చివర పొల్లు తర్వాత ఖాళీ ఉంటే అవసరం లేదు, ఖాళీయే ఆపుతుంది. హల్లుకూ దాని గుణింతపు గుర్తుకూ మధ్య అసలే పెట్టకూడదు. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కూలదోసిందని వార్తలొచ్చాయి గుర్తుందా? ఆ వరస ఇదే: జ, పొల్లు, ఞ, తర్వాత ఈ 8204, ఆపైన దీర్ఘం. జ్ఞా లో ఉండకూడని చోట అది దూరింది. ఐఓఎస్ 11.2.6 తో సరిచేశారు. తప్పు మన లిపిది కాదు, ఆ వరసను గీయబోయి కుప్పకూలిన ప్రోగ్రాముది.

ఇంకో చిక్కు పట్టికల్లో. ఒకరు 8204 తో వెబ్‌సైట్ అని, మరొకరు అది లేకుండా కొడితే ఎక్సెల్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. పోల్చే ముందు సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌తో 8204 ని ఏమీ లేకుండా మార్చిన ఇంకో నిలువు వరస చేసుకుని దానితో పోల్చండి. అసలు వరసను ముట్టుకోవద్దు.

పద్యాల్లో చేసెన్, రామున్ అని మాట చివర వచ్చే పాత నకారపొల్లుకు ప్రత్యేక ఆకారం ఉంది. దానికి 2021లో విడిగా చోటు ఇచ్చారు, సంఖ్య 3165. అన్ని ఫాంట్లలోనూ లేదు. ఫోన్లలో డబ్బా కనిపిస్తుంది కాబట్టి మామూలు న్ కొట్టడమే మేలు.

అచ్చుదిద్దు:
ఒక్క విభేదం. వీలైనచోట ఆ కనిపించని గుర్తుకంటే ఉకారం చేర్చడం నయం. తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. స్కూల్‌లో కంటే స్కూలులో, బస్‌లో కంటే బస్సులో. నోటికీ అదే వస్తుంది, కంప్యూటర్‌కూ గొడవ లేదు. ఫేస్‌బుక్, సాఫ్ట్‌వేర్ లాంటివాటికి తప్పదు, ఒప్పుకుంటాను.

తాళపత్రం:
పొల్లు మాట వచ్చింది కాబట్టి తలకట్టు సంగతి. బడిలో తలకట్టు అంటే అకారానికి గుర్తు అని నేర్పుతారు. క్ కు తలకట్టిస్తే క. వినడానికి బాగుంటుంది, కానీ ఖ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ లకు తలకట్టు ఏది? అయినా వాటిలో అకారం ఉంది కదా. అకారం హల్లులోనే ఇమిడి ఉంటుంది. బ్రాహ్మి నుంచి వచ్చిన లిపులన్నిటి తీరూ అదే. తలకట్టు అక్షరం నెత్తిన ఉండే చిన్న గీత పెరిగి పెద్దదైన రూపం. గుడి, ఏత్వం, పొల్లు వచ్చినప్పుడు ఆ చోటు వాటికి కావాలి కాబట్టి తప్పుకుంటుంది.

దీనికి ఒక చిత్రమైన మినహాయింపు మన నేల మీదే ఉంది. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో దొరికిన ధాతుకరండాల, అంటే అవశేషాలు దాచిన పెట్టెల, మీది రాత. అక్కడ హల్లు ఒట్టిగా ఉంటే ఒట్టి హల్లే, అకారం కావాలంటే అడ్డగీత తగిలించాలి, దీర్ఘానికి వేరే గుర్తు. బడి పంతులు చెప్పే లెక్క ఆ లిపికైతే సరిగ్గా సరిపోతుంది. అంతమాత్రాన మన తలకట్టు అక్కడినుంచే దిగివచ్చిందనుకోవద్దు. మన లిపి దారి వేరు, కదంబుల కాలపు తెలుగు-కన్నడ ఉమ్మడి లిపి మీదుగా వచ్చింది. కడప జిల్లా కలమళ్ళలో సుమారు 575 నాటి రేనాటి చోళుల శాసనం తెలుగు శాసనాల్లో పాతదిగా లెక్క. అప్పటికి తెలుగు, కన్నడ రాతలు ఇంకా వేరుపడలేదు.

ఆ శాసనాల భాషలో మనం పూర్తిగా మరిచిపోయిన అక్షరం ఇంకోటి ఉంది: ఴ. తమిళులు ఇప్పటికీ పలుకుతారు. చాలా మాటల్లో అది మనకు డ అయిపోయింది. వాళ్ళ కోఴి మన కోడి, వాళ్ళ ఏఴు మన ఏడు, చోఴ మన చోడ. యూనికోడ్ తెలుగులోకి 2014లో తెచ్చారు, శాసనాలు అచ్చువేసేవాళ్ళకు తప్ప అవసరం పడదు.

గుండ్రటి అక్షరాల కథ ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి నేనే అనేస్తాను. గంటంతో తాటాకు మీద ఈనె వెంట అడ్డగీత లాగితే ఆకు చీలుతుంది, అందుకే గుండ్రం. సబబుగానే ఉంది, కానీ మొత్తం కారణం అదొక్కటే అంటే ఒప్పుకోను. శాసనాలు రాతిమీద చెక్కినవి, అక్కడా వంపులున్నాయి.

గుణింతం:
మరి పద్యం చివరి గీతలు? వాటికి ఇంగ్లీషు కీబోర్డు మీది నిలువు గీత కొట్టాను.

తాళపత్రం:
మార్చండి. ఏకదండం । 2404, ద్విదండం ॥ 2405. ఇవి దేవనాగరి భాగంలో ఉన్నాయి, కానీ భారతీయ లిపులన్నీ వాడుకోవాల్సినవి అవే. తెలుగుకు విడిగా లేవు, వెతకొద్దు. తాటాకు రాతలో మాటలమధ్య ఖాళీలు ఉండవు, కామాలు ఉండవు. చదువరికి ఆగే చోటు చెప్పేది పద్యమైతే ఛందస్సు, వచనమైతే క్రియ. ఇక్కడ ఒక మాట. సంస్కృతంలో యతి అంటే పాదంలో ఆగే చోటు. తెలుగులో యతి అంటే అక్షరాల మైత్రి, అక్కడ మాట విరగాల్సిన పనే లేదు. కాబట్టి యతిస్థానంలో కామా పెట్టే అలవాటు ఉంటే మానెయ్యండి.

మనవాళ్ళు ద్విదండాన్ని ఇంకో పనికి కూడా వాడారు: కుదింపు గుర్తుగా. సం॥, గం॥, డా॥, క॥, తే॥. మీ పుస్తకంలో మాట మధ్యలో ॥ వస్తే అది విరామం కాదు, సంవత్సరం అనో కంద పద్యం అనో కుదించి రాసినది.

వీసం_పరక:
నిలువు గీతల మాట వచ్చింది కాబట్టి ధాన్యం పట్టిక నాకు వదలండి. అవి అచ్చుతప్పులు కావు, భిన్నాలు. మన పాత లెక్క నాలుగు పెట్టి కోసుకుంటూ పోతుంది. ఒకటిని నాలుగు చేస్తే కాలు, దాన్ని మళ్ళీ నాలుగు చేస్తే వీసం, అంటే పదహారో వంతు.

కాళ్ళకు నిలువు గీతలు: ౹ కాలు, ౺ అర, ౻ ముక్కాలు. వీసాలకు అడ్డగీతలు: ౼ వీసం, ౽ రెండు వీసాలు అంటే పరక, ౾ మూడు వీసాలు. గీత పడుకుందా నిలబడిందా అన్నదే స్థానం చెబుతుంది. ౩౻౽ అని ఉంటే మూడూ, ముక్కాలూ, పరక. ఇప్పటి లెక్కలో 3.875. సరిచూసుకోండి: 0.75 కు 0.125 కలిపితే 0.875.

కాళ్ళ స్థానంలో ఏమీ లేకపోతే దానికి సున్న కాదు, వేరే గుర్తు: ౸. దాని పేరు హళ్ళి. హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న అని అంటుంటామే, ఆ హళ్ళి ఇదే. వీసమెత్తు, పరక లాంటి మాటలు కూడా ఈ పద్దుల్లోవే.

సంఖ్యలు 3192 నుంచి 3198 దాకా, 3199 తూము గుర్తు ౿. అన్నీ 2008లో చేరాయి. కొలత: నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. అయితే కుంచం పరిమాణం ప్రాంతాన్నిబట్టి మారుతుంది కాబట్టి కిలోల్లోకి మార్చి వెయ్యకండి, పుస్తకంలో ఉన్నట్టే ఉంచండి.

టైపులో జాగ్రత్త: కాలు ౹, ఏకదండం ।, కీబోర్డు నిలువుగీత | మూడూ ఒకేలా ఉంటాయి. వీసం ౼, హైఫన్ కూడా అంతే. నాలుగు స్తంభాల పట్టికలో గళ్ళు విడదీసే గీతను కాలు అనుకుంటే లెక్క పావు వంతు పెరుగుతుంది. ప్రతి వరసకూ మొత్తం వేసి పుస్తకంలో ఇచ్చిన మొత్తంతో సరిచూడటం ఒక్కటే దారి.

అచ్చుదిద్దు:
చివరిది, కామాలు. పాత అచ్చులో ఉన్నవి మూలప్రతిలో ఉన్నట్టే. మీ ముందుమాటకు మాత్రం నా సలహా: తక్కువ పెట్టండి. ఈ గుర్తులు మనకు అచ్చుయంత్రంతోపాటు ఇంగ్లీషు పుస్తకాల నుంచి వచ్చాయి, మన వాక్యానికి వాటితో సగం పని లేదు. రాముడూ సీతా లక్ష్మణుడూ అన్నప్పుడు దీర్ఘాలే జతచేస్తున్నాయి. వస్తానని అన్నాడు అంటే అని అన్నమాటే ఉద్ధరణ గుర్తు. వచ్చావా అంటే చివరి ఆ యే ప్రశ్న. ఎందుకు వచ్చాడో తెలియదు అన్న వాక్యానికి ప్రశ్నార్థకం పెట్టేవాళ్ళున్నారు. అది ప్రశ్న కాదు.

కామా నిజంగా పనికొచ్చేది ఇలాంటిచోట: నిన్న వచ్చిన రాముడి తమ్ముడు. వచ్చింది రాముడా, తమ్ముడా? తమ్ముడే అయితే నిన్న వచ్చిన, రాముడి తమ్ముడు అని కామా పెట్టండి. లేదా రాముడి తమ్ముడు, నిన్న వచ్చినవాడు అని తిప్పి రాయండి, ఇంకా మంచిది.

పేర్లలో ఒక పేచీ. వ్యాకరణాల్లో సెమీకోలన్‌కు అర్ధబిందువు అన్నారు, అరసున్నకూ అర్ధబిందువు అన్నారు. గందరగోళం వద్దనుకుంటే అరసున్నను అరసున్న అనే రాయండి. కోలన్‌కు న్యూనబిందువు. అలాగే అర్ధబిందువులో ధ, ప్రశ్నార్థకంలో థ. సగం అయితే అర్ధం, భావం అయితే అర్థం. ఈ పొరపాటు విరామచిహ్నాల మీద రాసిన వ్యాసాల్లోనే ఎక్కువ కనిపిస్తుంది, అదో విచిత్రం.

తాళపత్రం:
కామా అనేది గ్రీకు మాట, తెగిన ముక్క అని అర్థం. కోలన్ అంటే అవయవం. అవి మొదట్లో గుర్తుల పేర్లు కావు, వాక్యంలోని ముక్కల పేర్లు. క్రీస్తుకు రెండు శతాబ్దాల ముందు అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో బైజాంటియం అరిస్టోఫనీస్ ఒకే చుక్కను మూడు ఎత్తుల్లో పెట్టి చిన్న, మధ్య, పెద్ద విరామాలు చూపాడు. తర్వాత ముక్క పేరే గుర్తుకు అంటుకుంది. సెమీకోలన్ చాలా తర్వాతిది, 1490లలో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చుశాలలో పుట్టింది.

గుణింతం:
అందరికీ ధన్యవాదాలు. దు:ఖం సూత్రం నడిపి చూస్తే ఇప్పటిదాకా టైపు చేసిన భాగంలో 41 దొరికాయి, అందులో మూడు ఉదా: తర్వాత ఖాళీ వదలనివి. ఒక సందేహం మిగిలింది. పట్టికలో ఒకచోట ౻ పక్కన హైఫన్ లాంటిది ఉంది, నేను కూడితే మాత్రం కింద ఇచ్చిన మొత్తం కంటే వీసం తక్కువ వస్తోంది.

వీసం_పరక:
హైఫన్ కాదది, వీసం. ౼ పెట్టి మళ్ళీ కూడండి.